ఎక్కడం కాదు, దిగడం చూడాలి

నగల దుకాణంలో కొత్తగా చేరినవాళ్ళకు హారాలు, వడ్డాణాలు వెంటనే అప్పగించరు. ఉంగరాల ట్రే ముందు నిలబెడతారు. చిన్న వస్తువు కదా, తప్పు జరిగినా చిన్నదే అవుతుందని యజమానుల లెక్క. నా అనుభవంలో ఆ లెక్క తప్పు. గొలుసు అంగుళం పొడుగైతే మెడలో కాస్త కిందికి దిగుతుంది, అంతే. గాజు పిసరంత వదులైతే మణికట్టు మీద అటూ ఇటూ ఆడుతుంది. ఉంగరం మాత్రం ఒక మిల్లీమీటరు తేడాను కూడా దాచుకోదు. బిగుతైతే వేలు కములుతుంది. వదులైతే ఏదో ఒక రోజు చేయి కడుక్కుని చూసుకునేసరికి ఉండదు.

గూడూరులో కౌంటరు దగ్గర నిలబడి ఏళ్ళ తరబడి వేళ్ళు కొలిచిన మనిషిగా, ఈ పనిలోకి కొత్తగా వచ్చే అమ్మాయిలకూ అబ్బాయిలకూ నాలుగు మాటలు చెప్పాలని ఉంది. పెళ్ళి బంగారానికి మా ఊరి జనం ఇప్పటికీ అటు నెల్లూరుకూ ఇటు చెన్నైకీ రైలెక్కుతూనే ఉంటారు. గూడూరు జంక్షను కాబట్టి ఏ దిక్కుకైనా బండి దొరుకుతుంది. పెద్ద ఊళ్ళ షోరూములతో వెలుగులోనూ, డిజైన్లలోనూ మనం పోటీ పడలేం. మన దగ్గర చేయించుకున్న ఉంగరం వేలికి అచ్చంగా సరిపోయిందన్న పేరు ఒక్కటే మనం సంపాదించుకోగలిగింది. ఆ పేరు వచ్చేదీ పోయేదీ కొలత దగ్గరే.

మా దుకాణానికి పని చేసిపెట్టే పెద్ద ఆచారి ఒకాయన ఉండేవారు. నేను చేరిన కొత్తలో ఒక అమ్మాయి వేలికి సైజు రింగు తొడిగి, అది సులువుగా లోపలికి పోగానే "సరిపోయిందండీ" అనేశాను. ఆయన పక్కనే కూర్చుని చూస్తున్నారు. "దూరితే సరిపోయినట్టా అబ్బయ్యా? దూరడం ఏ ఉంగరమైనా దూరతాది. తియ్యి చూద్దాం" అన్నారు. లాగితే ఏ అడ్డూ లేకుండా వచ్చేసింది. "ఇది నిమ్మకాయల సంచి ఎత్తేటప్పుడో, అంట్లు తోమేటప్పుడో ఇట్నే వచ్చేస్తాది. ఎక్కడం చూడబాక. దిగడం చూడు." నాకు తెలిసిన విద్య అంతా ఆ ఒక్క మాట నుంచి వచ్చిందే.

వేలు గొట్టంలా ఒకే లావున ఉండదు. మధ్యలో కణుపు ఉంటుంది, మొదట్లో మెత్తటి కండ ఉంటుంది. ఉంగరం కణుపును దాటి వెళ్ళి మొదట్లో కూర్చోవాలి. దాటేటప్పుడు కాస్త ఒత్తిడి తెలియాలి. కూర్చున్నాక చర్మం రెండు పక్కలా ఉబ్బకూడదు, చేత్తో తిప్పితే తిరగాలి. తీసేటప్పుడు కణుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, కొద్దిగా మెలితిప్పితే రావాలి. సైజు తెలిసేది ఆ ఆగే క్షణంలోనే. ఆగకుండా వస్తే వదులు. మెలితిప్పినా రాక, మనిషి ముఖం చిట్లిస్తే బిగుతు. చేయి కిందికి వేలాడేసి రెండు మూడు సార్లు విదిలించమనండి. సైజు రింగు కణుపు దాటి కిందికి జారకూడదు.

కొలిచేటప్పుడు కొనేవాళ్ళు వేలు కర్రలా బిగబట్టి చాపుతారు. అందరూ అంతే, డాక్టరు ముందు చేయి చాపినట్టు. బిగబట్టిన వేలి కొలత ఒకటి, మామూలుగా వదిలేసిన వేలి కొలత ఇంకొకటి. "చెయ్యి బల్ల మీద పెట్టండమ్మా, ఊరికే వదిలెయ్యండి" అని చెప్పండి. సైజు రింగు తొడిగాక వేలు మడవమనండి, పిడికిలి బిగించమనండి, మళ్ళీ చాపమనండి. వయసు మళ్ళినవాళ్ళ వేళ్ళు కొలిచేటప్పుడు ఇంకొంచెం ఓపిక పట్టాలి. కీళ్ళవాతం ఉన్నవాళ్ళకు కణుపులు లావెక్కి, మొదలు సన్నబడి ఉంటుంది. కణుపు దగ్గర 58 మిల్లీమీటర్లు, మొదట్లో 54 వచ్చిందనుకోండి. 58కి చేస్తే ఉంగరం మొదట్లో గిరగిరా తిరుగుతుంది. 54కి చేస్తే అసలు దాటదు. మధ్యలో 56, 57 దగ్గర ఏది నొప్పి లేకుండా కణుపు దాటుతుందో అదే తీసుకోవాలి. తిరగకుండా ఉండటానికి ఉంగరం లోపలి వైపు అడుగున రెండు చిన్న బంగారు గుండ్లు అతికించమని ఆచారికి చెప్పవచ్చు. ఆ ముసలామె చచ్చేదాకా మీ దుకాణాన్ని తలుచుకుంటుంది.

ఇక వేలు రోజంతా ఒకేలా ఉండదన్న సంగతి. మన దగ్గర ఎండ ఎక్కువ, సముద్రం దగ్గర కాబట్టి ఉక్క కూడా ఎక్కువే. మే నెల మధ్యాహ్నం బస్సు దిగి నడుచుకుంటూ వచ్చిన మనిషి వేళ్ళు ఉబ్బి ఉంటాయి. అదే మనిషి ఏసీలో అరగంట కూర్చుంటే సన్నబడతాయి. తెల్లారి లేచిన వెంటనే వేళ్ళు కాస్త ఉబ్బి ఉండటమూ ఉంది. ఉప్పు ఎక్కువ తిన్నా, రోజంతా నిలబడి పని చేసినా, నెలసరి ముందు రోజుల్లోనూ కొంతమందికి నీరు పడుతుంది. చలికి, చన్నీళ్ళకు వేలు ముడుచుకుంటుంది. మైపాడు సముద్రంలో దిగిన కొత్త పెళ్ళికొడుకుల ఉంగరాలు పోయేది అందుకే. అల మీదకు నెపం వేస్తాం గానీ, చల్లటి నీళ్ళకు వేలు సన్నబడటమే అసలు కారణం.

అందుకని మనిషి లోపలికి రాగానే వేలు పట్టుకోకండి. కూర్చోబెట్టి నీళ్ళివ్వండి, డిజైన్లు చూపించండి. పావుగంట పోయాక ఒకసారి కొలవండి. బేరం, బిల్లు మాటలు అయ్యాక, వెళ్ళేముందు ఇంకొకసారి కొలవండి. రెండూ ఒకటే వస్తే రాసుకోండి. తేడా వస్తే, పెద్ద ఖరీదైన ఉంగరమైతే గనక, ఇంకో రోజు సాయంకాలం వీలు చూసుకుని రమ్మనండి. "మళ్ళీ రమ్మంటే వేరే కొట్టుకు పోతారు సార్" అని కొత్తవాళ్ళు భయపడతారు. ఇన్నేళ్ళలో అట్లా పోయినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. "మీ వేలు ఇవ్వాళ ఉబ్బి ఉందండీ, ఈ కొలతతో చేస్తే చలికాలం జారిపోతుంది" అని చెబితే నమ్మకం కుదురుతుంది.

నిండు గర్భిణి వచ్చి ఉంగరం చేయించుకుంటానంటే ఆపండి. సీమంతానికి ఉంగరమే పెట్టాలని పుట్టింటివాళ్ళు పట్టుబట్టవచ్చు. కాన్పయ్యాక వేళ్ళు మామూలు స్థితికి వచ్చేదాకా ఆగితే మంచిదని, లేదంటే గొలుసో, కమ్మలో పెట్టుకోమని చెప్పండి. ఇప్పటికే వేలికున్న ఉంగరాలు బిగుస్తున్నాయంటే తీసి దాచుకోమని కూడా చెప్పండి. అమ్మకం ఒకటి పోయినా పరవాలేదు.

పట్టీ వెడల్పు సంగతి చాలామంది మరిచిపోతారు. మన చేతిలో ఉండే సైజు రింగుల గుత్తి సన్నటి రింగులది. దానితో 14 వచ్చిన వేలికి 8 మిల్లీమీటర్ల వెడల్పాటి పట్టీ ఉంగరం అదే 14లో చేస్తే బిగుసుకుపోతుంది. వెడల్పు ఎక్కువైన కొద్దీ ఎక్కువ చర్మం కింద నలుగుతుంది. 6 మిల్లీమీటర్లు దాటిన పట్టీలకు ఒకటి, కొన్ని వేళ్ళకు రెండు సైజులు పెంచాలి. వెడల్పాటి సైజు రింగుల గుత్తి కూడా దొరుకుతుంది. యజమానిని అడిగి తెప్పించుకోండి. రాయి ఉంగరాల సంగతి దీనికి ఎదురు. పైన బరువు ఉంటుంది కాబట్టి కొంచెం వదులైనా రాయి పక్కకు వాలిపోతుంది. జాతకం ప్రకారం పెట్టుకునేవాళ్ళు పుష్యరాగం చూపుడు వేలికి, నీలం మధ్యవేలికి, కెంపు ఉంగరపు వేలికి, పచ్చ చిటికెన వేలికి అడుగుతారు. రాయి అడుగు తెరిచి ఉండాలి, చర్మానికి తగలాలి అంటారు. అప్పుడు సైజు ఇంకా కచ్చితంగా ఉండాలి. వాళ్ళ నమ్మకం మీద మనకు అభిప్రాయాలు అక్కర్లేదు, ఏ వేలో అడిగి ఆ వేలే కొలవాలి. కుడిచేతివాటం మనిషికి చాలాసార్లు కుడిచేతి వేళ్ళు ఎడమ చేతివాటి కంటే ఒక పిసరు లావు. ఎడమ చేయి కొలిచి కుడికి చేస్తే ఇబ్బందే.

మనవాళ్ళు అన్నం చేత్తో తింటారు. ఈ మాట విదేశీ కంపెనీల సైజు పట్టికల్లో ఉండదు. కుడిచేతి ఉంగరం వదులుగా ఉంటే కింద మెతుకులు చేరతాయి, పప్పు చేరుతుంది, నెయ్యి తగిలితే జారుతుంది. చేయి కడుక్కునేటప్పుడు నీళ్ళతో పాటే పోతుంది. కుడిచేతికి చేయించుకునే మనిషిని "ఇది పెట్టుకునే భోంచేస్తారా?" అని అడగండి. అవునంటే రెండు సైజుల మధ్య ఊగుతున్నప్పుడు చిన్నదాని వైపు మొగ్గండి. ఇంట్లో సబ్బు నీళ్ళల్లో ఎక్కువసేపు చేతులు పెట్టే ఆడవాళ్ళకూ ఇదే చెప్పండి.

జారిపోయిన ఉంగరం ఎంత పని చేస్తుందో కాళిదాసు శాకుంతలం తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. శచీతీర్థంలో నీళ్ళకు మొక్కేటప్పుడు శకుంతల వేలి నుంచి జారింది. చేప మింగింది. రాజు ఆనవాలు పట్టలేదు. మహాభారతంలోని శకుంతల కథలో ఈ ఉంగరం లేదు. నాటకం కోసం కాళిదాసు తెచ్చిపెట్టాడు. నాకు ఎప్పుడూ అనిపించేది ఏమిటంటే, దుష్యంతుడు తన ఉంగరం తీసి ఆమెకు తొడిగాడు. మగవాడి వేలికి చేసిన ఉంగరం ఆడపిల్ల వేలికి నిలవకపోవడంలో ఆశ్చర్యం లేదు. నాన్న ఉంగరం కూతురికి, అత్తగారి ఉంగరం కోడలికి ఇచ్చే ఇళ్ళు మనకు చాలా ఉన్నాయి. అట్లా చేతులు మారిన ఉంగరాన్ని మెరుగు పెట్టమని తెస్తే, ముందు సైజు చూడండి.

ఇప్పుడు అంకెల దగ్గరకు వద్దాం. ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. మన దేశంలో వాడే సైజు అంకెకు 40 కలిపితే ఉంగరం లోపలి చుట్టుకొలత మిల్లీమీటర్లలో దాదాపుగా వస్తుంది. 10 అంటే 50, 14 అంటే 54, 22 అంటే 62. చుట్టుకొలతను 3.14తో భాగిస్తే అడ్డంగా ఎంత వెడల్పో వస్తుంది. 14కి 17.2 మిల్లీమీటర్లు. అంటే ఒక్కో సైజుకూ చుట్టుకొలత ఒక మిల్లీమీటరు పెరుగుతుంది, అడ్డుకొలత మాత్రం మిల్లీమీటరులో మూడో వంతే పెరుగుతుంది. పాత ఉంగరం లోపలి అడ్డుకొలతను పిల్లల స్కేలుతో కొలిచి "సుమారు 17" అని రాసే అలవాటు ఉంటే ఇవ్వాళే మానేయండి. అడ్డంలో ఒక మిల్లీమీటరు పొరపాటు పడితే మూడు సైజులు తప్పినట్టు. దానికి వెర్నియర్ కాలిపర్ కావాలి.

అమెరికా సైజు అంకెలు వేరు. అక్కడి ఒక సైజుకు చుట్టుకొలత రెండున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది, అందుకే వాళ్ళకు అర సైజులు ఉంటాయి. బ్రిటన్‌లో అంకెలు కూడా కావు, అక్షరాలు. ఇన్ని గొడవలు ఎందుకని అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8653 లోపలి చుట్టుకొలతను మిల్లీమీటర్లలో చెప్పడమే సైజు అని నిర్ణయించింది. మన అంకెకు 40 కలిపితే ఇంచుమించు అదే వస్తుంది.

ఈ పాఠం నేను పుస్తకంలో నేర్చుకోలేదు. కోట వైపు నుంచి ఒక పెద్దాయన కాబోయే అల్లుడికి ఉంగరం చేయించడానికి వచ్చాడు. అబ్బాయి అమెరికాలో ఉద్యోగం. నా ముందే ఫోను చేసి సైజు అడిగాడు. అవతల నుంచి "నైన్" అన్నారు. నేను 9 అని రాశాను. నాలుగు గ్రాముల ఉంగరం, ముచ్చటగా వచ్చింది. పెళ్ళికి రెండు రోజుల ముందు అబ్బాయి దిగాడు. ఉంగరం చివరి కణుపు కూడా దాటలేదు. అమెరికా 9 అంటే చుట్టుకొలత 59న్నర మిల్లీమీటర్లు. మన లెక్కలో 19కీ 20కీ మధ్య. నేను చేయించింది 49. పదిన్నర మిల్లీమీటర్ల తేడాను కోసి అతికించడం సైజు సరిచేయడం కాదు, ఉంగరం మళ్ళీ చేయడమే. పైగా ముప్పావు గ్రాము బంగారం ఎక్కువ పడుతుంది. 2025లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటింది. ఈ రోజుల్లో అట్లాంటి తప్పు ఒక్కటి చేస్తే బంగారానికే ఏడు వేలకు తక్కువ కాదు. మజూరీ వేరు. ఆ పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. నిశ్చితార్థం నాడు అల్లుడి వేలికి పాత ఉంగరం తొడిగి పరువు దక్కించుకున్నాడు. ఆ రోజు నుంచీ నేను చీటీ మీద ఉత్తి అంకె రాయడం మానేశాను. 14 అని రాస్తే పక్కన 54 మిల్లీమీటర్లు అని కూడా రాస్తాను. విదేశాల నుంచి ఫోనులో సైజు చెబితే "ఏ దేశం సైజు? మిల్లీమీటర్లలో చెప్పండి" అని అడుగుతాను.

మనిషి ఎదురుగా లేనప్పుడు కొలత తెప్పించుకోవడానికి దారం మంచిది కాదు. లాగితే సాగుతుంది, పురి విడుతుంది. మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున కాగితం పట్టీ కత్తిరించి, వేలి మొదట్లో చుట్టి, అంచు కలిసే చోట పెన్నుతో గీత పెట్టి, విప్పి స్కేలు మీద కొలవమనండి. అదే పని కణుపు దగ్గరా చేయమనండి. రోజులో మూడు వేళల్లో కొలిచి మూడు అంకెలూ వాట్సప్‌లో పంపమనండి. ఇంతకంటే మేలైన దారి, అదే వేలికి బాగా సరిపోయే పాత ఉంగరం ఒకటి తెమ్మనడం. పెళ్ళికూతురికి తెలియకుండా తేవాలనుకునే పెళ్ళికొడుకులు వదినల ద్వారానో మరదళ్ళ ద్వారానో తెప్పిస్తారు. అప్పుడు ఏ చేయి, ఏ వేలు అన్నది తప్పకుండా అడగండి. మధ్యవేలి ఉంగరం తెచ్చి ఉంగరపు వేలికి చేయించుకుపోయినవాళ్ళు ఉన్నారు. తెచ్చిన పాత ఉంగరాన్ని సైజు కడ్డీకి తొడిగేటప్పుడు బలంగా తోయకండి. మెల్లగా ఆగిన చోట, ఉంగరం పట్టీ మధ్య భాగం ఏ గీత మీద ఉందో చూడండి.

పని నేర్చుకుంటున్న కుర్ర ఆచారులకు ఒక మాట. 14 సైజు అడిగారని సరిగ్గా 54 మిల్లీమీటర్ల పొడవు రేకు కోస్తే ఉంగరం 14 రాదు. రేకును వంచినప్పుడు లోపలి వైపు కుంచించుకుంటుంది. మందాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. లోపలి అడ్డుకొలతకు రేకు మందం కలిపి 3.14తో గుణించండి. ఒకటిన్నర మిల్లీమీటర్ల మందమైతే 17.2కు 1.5 కలిపి 18.7, దాన్ని 3.14తో గుణిస్తే 58.7 మిల్లీమీటర్లు. ఇది తెలియక 54కే కోస్తే లోపలి చుట్టు 49 దగ్గర తేలుతుంది. అంటే 14 కావలసింది 9 అయింది. పెద్దవాళ్ళు ఈ లెక్క కాగితం మీద వేయరు, చేతి అలవాటులో ఉంటుంది. మీకు ఆ చేయి వచ్చేదాకా కాగితం మీదే వేసుకోండి.

ఆర్డరు చీటీలో ఇవన్నీ ఉండాలి: ఏ చేయి, ఏ వేలు, సైజు, మిల్లీమీటర్లు, పట్టీ వెడల్పు, కొలిచిన వేళ, కొలిచినవాళ్ళ సంతకం. కొనేవాళ్ళ చేత కూడా సంతకం పెట్టించండి. తగాదా కోసం కాదు. సంతకం పెట్టేటప్పుడు చాలామంది "ఎందుకైనా మంచిది, ఇంకోసారి చూడండి" అంటారు. ఆ ఇంకోసారిలో పొరపాటు దొరుకుతుంది.

తప్పు జరిగాక సరిచేయడం గురించి కొంచెం. రాళ్ళు లేని నున్నటి పట్టీని ఒక సైజు దాకా సాగదీయవచ్చు, కానీ ఆ మేరకు పల్చబడుతుంది. అంతకు మించితే కోసి ముక్క అతకాలి. చుట్టూ రాళ్ళు పొదిగిన ఉంగరాల జోలికి పోవద్దు. వాటి సైజు మార్చడం దాదాపు కుదరదని అమ్మేటప్పుడే చెప్పేయాలి. ముత్యం, పగడం, పచ్చ ఉన్న ఉంగరాన్ని నిప్పుకు చూపించకూడదు, ముందు రాయి ఊడదీయాలి. హాల్‌మార్కు తప్పనిసరి అయింది 2021 జూన్‌లో. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ లేకుండా అమ్మకూడదు. కోసే చోటు ఆ ముద్రకు దూరంగా ఉండేట్టు చూడాలి. ముద్ర చెరిగితే బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవడానికి కొనేవాళ్ళకు ఏమీ మిగలదు. కోసేముందు, అతికాక, రెండుసార్లూ కొనేవాళ్ళ కళ్ళెదుటే తూకం వేయండి. చిన్నది చేసినప్పుడు తీసిన ముక్క వాళ్ళది. అది మిల్లీగ్రాములే కావచ్చు, వాళ్ళ చేతికి ఇవ్వండి. అతుకుకు ఇంకా కాడ్మియం కలిపిన టంకం వాడే చోటు ఉంటే, అక్కడ ఊదే పిల్లల ఊపిరితిత్తులకు ఆ పొగ విషం. ఆ పని ఒప్పుకోకండి.

ఉంగరం ఇరుక్కుపోయి దుకాణానికి పరిగెత్తుకొచ్చేవాళ్ళు కూడా ఉంటారు. కంగారు పడి లాగితే కణుపు ఇంకా వాస్తుంది. చేయి గుండె కంటే పైకి ఎత్తి పట్టుకోమనండి. చల్లటి నీళ్ళలో కాసేపు పెట్టించి, కొబ్బరి నూనె రాసి మెలితిప్పుతూ తీయండి. రాకపోతే సన్నటి నైలాన్ దారం కొసను ఉంగరం కింద నుంచి దూర్చి, మిగతా దారాన్ని ఉంగరం అంచు నుంచి కణుపు దాటేదాకా దగ్గర దగ్గరగా బిగించి చుట్టండి. కింద నుంచి వచ్చిన కొసను పట్టుకుని విప్పుతూ పోతే ఉంగరం కొంచెం కొంచెంగా ముందుకు జరుగుతుంది. వేలు నీలం తిరిగినా, తిమ్మిరెక్కినా ఈ ప్రయత్నాలు ఏవీ వద్దు, వెంటనే ఆసుపత్రికి పంపండి. అక్కడ కోస్తారు. కోసిన ఉంగరాన్ని అతికించుకోవచ్చు.

మా ఊరు నిమ్మకాయలకు పేరున్న ఊరు. ఒకప్పుడు అభ్రకం గనులకూ అంతే పేరు. మార్కెట్లో కాయ చూడగానే ఏ రకమో చెప్పగల మనుషులు ఉన్నారు. వాళ్ళను చూసి మనకూ ధీమా వస్తుంది, చేయి చూడగానే "పన్నెండు" అనేస్తాం. నిమ్మకాయ ఒక రకం అటూ ఇటూ అయితే ధర తేడా, అంతటితో సరి. వేలు అట్లా కాదు. కంటి అంచనా మొదట ఏ రింగు తొడగాలో చెప్పడానికే పనికొస్తుంది.

ఆ మార్కెట్లో బస్తాలు మోసేవాళ్ళు, లారీల మీద లోడు కట్టేవాళ్ళు, శ్రీసిటీ ఫ్యాక్టరీలకు షిఫ్టుకు పోయే పిల్లలు, రైల్వేలో, కరెంటు ఆఫీసులో పని చేసేవాళ్ళు, వీళ్ళంతా మన దగ్గరకే వస్తారు. ఏడాది పాటు చీటీ కట్టి రెండు గ్రాముల ఉంగరం కొనుక్కునేవాళ్ళు. వాళ్ళకు అమ్మేటప్పుడు తప్పకుండా ఒక ప్రశ్న అడగండి: "పనిలో కూడా వేలికి ఉంటుందా?" లారీ మీద నుంచి కిందికి దూకేటప్పుడు ఉంగరం ఏ బోల్టుకో, కొక్కానికో తగులుకుంటే మనిషి బరువంతా ఆ వేలి మీద పడుతుంది. చర్మం, కండ ఊడివచ్చిన సంఘటనలు వైద్యులకు కొత్త కాదు. తిరిగే యంత్రం దగ్గరా అంతే. కరెంటు పనిలో, బ్యాటరీల దగ్గర లోహం వేలికి ఉండకూడదు. ఎంత బాగా సరిపోయిన ఉంగరమైనా ఈ ప్రమాదాన్ని ఆపదు. సరిగ్గా సరిపోయిందే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. పనిలోకి పోయేముందు తీసి ఇంట్లో పెట్టమని, లేదా మెడలో తాడుకు వేసుకుని చొక్కా లోపల ఉంచుకోమని చెప్పండి. రోజూ తీసి పెట్టుకునే మనిషికి కణుపు దగ్గర అర సైజు వెసులుబాటు ఉండేట్టు కొలవండి. లేకపోతే తీయడం బద్ధకించి వదిలేస్తాడు.

మెట్టెల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. చాలావరకు వెండివి, విడిచుట్టువి కాబట్టి నొక్కి సరిచేయవచ్చు. మూసిన చుట్టు కావాలంటే మాత్రం మనిషిని నిలబెట్టి కొలవండి. నిలబడితే పాదం పరుచుకుంటుంది, వేలు లావవుతుంది.

పెళ్ళిళ్ళలో బిందెలో నీళ్ళు పోసి ఉంగరం వేసి, ఎవరు ముందు తీస్తారా అని వధూవరుల చేత వెతికిస్తారు. ఆ ఉంగరాల్లో కొన్ని మనం చేసినవే అయి ఉంటాయి. ఎవరి చేతికి దొరికినా, తరువాత అది వేలికి ఎక్కి ఏళ్ళ తరబడి ఉండాలి.

రేపు ఉదయం దుకాణం తెరవగానే ఒక పని చేయండి. మీ సైజు గుత్తిలో 14 రింగు తీసి కాలిపర్‌తో లోపలి అడ్డుకొలత చూడండి. 17.2 రావాలి. అదే రింగును ఆచారి దగ్గరకు తీసుకెళ్ళి ఆయన కడ్డీకి తొడగండి. అక్కడా 14 గీత దగ్గరే ఆగాలి. ఆ రెండూ కలవకపోతే, కలిసే గుత్తి తెప్పించుకునేదాకా దానితో ఇంకెవరి వేలూ కొలవకండి.